రిమార్కుల గడి

ఉలియాస్తాయ్ బడి బాయిలరు గదిలో
నాకిచ్చిన రిజిస్టరుకి ఐదు గడులు.
తేదీ. బయటి చలి. గొట్టంలో నీటి వేడి.
ఎన్ని బకెట్ల బొగ్గు. చివర, రిమార్కులు.
మొదటి మూడు శీతాకాలాలూ ఆ చివరి గడిలో
నేను రాసింది ఒకే మాట:
ఏమీ లేదు.
దాని కింద, పేజీ అడుగుదాకా, పై మాటే అని రెండేసి చుక్కలు.

చదవడం అప్పుడూ ఉంది.
లైబ్రరీ త్సెవెల్మా అట్టలూడిన పుస్తకాలు నాకే ఇచ్చేది,
మసి చేతులకి అవే నయమని.
చదివినవి చదివినట్టే పొగగొట్టంలోంచి పోయేవి.
వేటగాడి పేరేమిటి, నది దాటాడా లేదా,
వారం తిరిగేసరికి అంతా బూడిద.
ఎలా ఉందని ఆవిడ అడిగితే
బాగుంది అనేదాన్ని.
అంతకుమించి నా దగ్గర మిగిలేది కాదు.

ఒక జనవరి రాత్రి, సున్నాకి ముప్పై ఎనిమిది కింద,
పద్నాలుగు బకెట్లు అని రాశాక
చెయ్యి ఆగలేదు:
"వేటగాడు తమ్ముడితో అబద్ధమాడాడు."
ఎందుకు రాశానంటే, చెప్పడానికి
బాయిలరు తప్ప ఎవరూ లేరు.

పొద్దున ఇన్‌స్పెక్టరు లుత్‌ఒచిర్
కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఏ వేటగాడు? అన్నాడు.
చెప్పాను. కోటు విప్పకుండా నిలబడే విన్నాడు.
సంతకం పెట్టి, గుమ్మం దాకా వెళ్లి,
మరి తమ్ముడికి తెలిసిందా? అన్నాడు.
రేపటి గడిలో చూడండి అన్నాను.

గడి వెడల్పు నాలుగు వేళ్లు.
నాలుగొందల పేజీలు అందులో పట్టాలి.
పార ఎత్తుతూ అదే ఆలోచన,
దించుతూ అదే ఆలోచన.
ఏది బొగ్గు, ఏది బొగ్గులా కనిపించే రాయి
ఏరుతూ ఉంటే
చదివినప్పుడు తోచనిది అప్పుడు తోచేది.

"ఫిబ్రవరి తొమ్మిది. మొగుడు పోయిన ఆవిడ గుర్రాన్ని అమ్మేసింది.
నీటి వేడి నలభై రెండుకి పడింది.
హాస్టలు పిల్లలు ఫిర్యాదు చేశారు."
ఈ మూడు ముక్కలు చాలు నాకు,
ఆ గుర్రం జూలులో చిక్కుకున్న మంచు కనబడుతుంది,
దుప్పట్లు కప్పుకుని నన్ను తిట్టిన పిల్లలూ కనబడతారు.

పంతొమ్మిదేళ్లకి అదే పుస్తకం మళ్లీ చేతికొచ్చింది.
పాత రిజిస్టరు తీసి చూస్తే,
కాగితం చిరిగేంత ఒత్తి రాసిన నా అక్షరాలు:
"తల్లి ఆ తలుపు తియ్యడం తెలివితక్కువ. నేనైతే తియ్యను."
ఈసారి ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి
పార గోడకి ఆనించి కూర్చుండిపోయాను.
కొట్టేద్దామని పెన్ను మూత తీశాను.
కొట్టెయ్యలేదు. కింద ఇరికించి రాశాను:
"ఇది రాసినావిడకి ఇరవయ్యారేళ్లు.
అప్పటికింకా కూతురు లేదు,
అలిగి వెళ్లినపిల్ల అర్ధరాత్రి తలుపు తట్టనూ లేదు."

ఇద్దరం ఒకే గడిలో ఉన్నాం.
ఇంతవరకూ రాజీకి రాలేదు.

కిందటేడు కొత్త అకౌంటెంటు,
పాత రిజిస్టర్లన్నీ పొయ్యిలో వేసెయ్ అంది.
వేశాను,
ఏమీ లేదు, ఏమీ లేదు అన్న ఆ మూడు శీతాకాలాలనీ.
చాలా బాగా మండాయి.
మిగతావి డేల్ లోపల దోపుకుని
నడికట్టు బిగించి బయటికొస్తే
ఒళ్లు చేశావే నామ్‌జిల్మా, అన్నాడు గేటు దగ్గర ముసలాయన.

ఈ శీతాకాలం రాత్రి డ్యూటీకి ముంఖ్‌జోల్ అనే కుర్రాడొచ్చాడు.
గోళ్లకింకా మసి పట్టలేదు.
మూడో రాత్రే అడిగాడు,
నిద్ర రాకుండా ఉండేదేమైనా ఉందా అని.
టీ అనుకున్నాను. పుస్తకమట.
ఇంటికెళ్లి రిజిస్టర్లు తిరగేశాను,
ఏ రాత్రి నీళ్లు బాగా చల్లారాయో వెతికి
ఆ పుస్తకమే తెచ్చిచ్చాను.

ఒక్కటే చెప్పాను వాడికి:
నూట పన్నెండో పేజీ తిప్పేముందు
రెండు బకెట్లు ఎక్కువేసుకో.